పన్నెండేళ్ల ఏవాస్: మొత్తం పీకేయాలా, ముక్కముక్కగా మార్చాలా?

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్పుకుందాం, కింద చదివేవాళ్లకూ అర్థమవుతుంది. ఒకే రన్‌వే ఉన్న చిన్న విమానాశ్రయం. పన్నెండేళ్ల కిందట పెట్టిన ఏవాస్, అంటే గాలి, విజిబిలిటీ, మబ్బుల ఎత్తు, పీడనం, ఉష్ణోగ్రత తనంతట తానే కొలిచి టవర్‌కూ మెట్ ఆఫీసుకూ పంపే సిస్టమ్. చలికాలం రాత్రుళ్లు ఆకాశం తేటగా ఉన్నా విజిబిలిటీ ఉన్నట్టుండి వెయ్యి మీటర్లకు పడిపోయి మళ్లీ లేస్తోంది. రన్‌వే రెండు చివర్లలో గాలి రీడింగులు కలవడం లేదని టవర్ వాళ్ల కంప్లయింట్. పైవాళ్లు మొత్తం పీకేసి కొత్తది తెద్దాం, టెండర్ రాయండి అంటున్నారు. సీనియర్లేమో నడుస్తున్నదాన్ని కదపొద్దు అంటున్నారు. మీరు చేరి ఏడాది కూడా కాలేదు, మధ్యలో నలిగిపోతున్నారు.

టెండర్ ఫైలు ఇప్పటికి పక్కన పెట్టండి. మీరు చెప్పిన రెండు జబ్బులూ కొత్త సిస్టమ్ తెచ్చినా పోని రకం కావచ్చు. సెన్సర్ మారుతుంది కానీ సాలెపురుగు అక్కడే ఉంటుంది, చెట్టు అక్కడే ఉంటుంది, తప్పుగా తిప్పిన మాస్ట్, అంటే సెన్సర్లు నిలబెట్టే స్తంభం, అక్కడే ఉంటుంది. నేను కోస్తాలోనూ తెలంగాణలోనూ ఈ పరికరాల మీద చాలాకాలం పనిచేశాను, నాకు తెలిసినంతలో ఆగిపోయిన సెన్సర్ వల్ల పెద్ద ప్రమాదం లేదు. అది ఆగితే మెటార్‌లో, అంటే విమానాశ్రయం నుంచి పైలట్లకు పోయే వాతావరణ రిపోర్టులో, ఆ అంకె చోట గీతలు పడతాయి, టవర్‌లో అలారం మోగుతుంది, అందరూ మీ మీద అరుస్తారు, సాయంత్రానికి బాగుపడుతుంది. ప్రమాదమంతా నడుస్తూనే, చూడగానే నమ్మేలా ఉండే తప్పు అంకె ఇచ్చే సెన్సర్‌తోనే. మెయింటెనెన్స్ అంటే ఎక్కువగా దాన్ని పట్టుకోవడమే. అప్‌గ్రేడ్ చేసేటప్పుడు అలాంటి తప్పులు కొత్తగా పుట్టుకొస్తాయి, అందుకే ఆ రెండు విషయాలూ కలిపే చెబుతున్నాను.

విజిబిలిటీ సంగతి ముందు చూద్దాం. మీ దగ్గర ఉన్నది ఫార్వర్డ్ స్కాటర్ రకం అని రాశారు. అది ఒక పక్క నుంచి ఇన్‌ఫ్రారెడ్ వెలుగు వదిలి, గాలిలోని మంచు బిందువులూ దుమ్మూ దాన్ని ఎంత చెదరగొడుతున్నాయో ఇంకో పక్క నుంచి చూస్తుంది. ఎక్కువ చెదిరితే విజిబిలిటీ తక్కువ అని లెక్క. అది చూసేది రెండు చేతుల మధ్యనున్న చారెడు, చెంబెడు గాలిని మాత్రమే. దాన్ని బట్టి కిలోమీటర్ల దూరం లెక్కేస్తుంది. ఆ కాస్త చోటులో ఒక్క సాలెపోగు అడ్డం పడితే చాలు. పగలు పొడిగా ఉన్నప్పుడు ఆ పోగు పెద్దగా కనిపించదు, తెల్లవారుజామున దాని మీద మంచు బొట్లు పట్టగానే వెలుగును బాగా చెదరగొడుతుంది, గాలికి ఊగుతుంది, రీడింగు పడుతూ లేస్తూ ఉంటుంది. పొద్దున తొమ్మిదికి మీరు జీపేసుకుని వెళ్లేసరికి ఆరిపోయి ఉంటుంది, లేకపోతే తెగిపోయి ఉంటుంది. మీరు రిజిస్టర్‌లో 'చెక్ చేశాం, అంతా ఓకే' అని రాసి వస్తారు. మీ కేసు నూటికి తొంభై పాళ్లు ఇదేనని నా అనుమానం.

అనుమానం తీర్చుకోవడానికి ఒక నిమిషం చొప్పున ఉండే రా డేటా తీయండి, పది నిమిషాల సగటు కాదు. నిజమైన పొగమంచు వస్తే విజిబిలిటీ మెల్లగా దిగుతుంది, ఉష్ణోగ్రతకూ డ్యూ పాయింట్‌కూ (గాలిలోని తేమ బొట్లుగా మారే ఉష్ణోగ్రతకూ) మధ్య తేడా అప్పటికే డిగ్రీ లోపుకు వచ్చి ఉంటుంది. తేడా నాలుగైదు డిగ్రీలున్నప్పుడు వెయ్యి మీటర్లు చూపిస్తే అది మంచు కాదు. అయితే పొగ కావచ్చు, అది మరిచిపోకండి. వరి కోతలయ్యాక పక్క పొలాల్లో గడ్డి తగలబెడితే ఆ పొగ రాత్రి చల్లగాలికి నేలబారుగా పరుచుకుని మీ సెన్సర్ దాకా రావచ్చు, అప్పుడు సెన్సర్ చెప్పేది నిజమే. ఇవేవీ కాకుండా రీడింగు నిమిషానికో తీరుగా ఎగురుతుంటే, ఒక రాత్రి రెండు మూడింటికి టవర్ పర్మిషన్ తీసుకుని టార్చ్‌లైట్‌తో వెళ్లి పక్క నుంచి వెలుగు వేసి చూడండి. పోగు మెరుస్తుంది.

ఇక్కడే చాలామంది తలకిందులుగా అనుకునే విషయం ఒకటుంది. లెన్స్ మీద మురికి పడితే విజిబిలిటీ తక్కువ చూపిస్తుందిలే, సేఫ్ సైడే కదా అనుకుంటారు. విజిబిలిటీ కొలిచే ఇంకో రకం పరికరమైన ట్రాన్స్‌మిసోమీటర్‌కి అది నిజం. దానిలో వెలుగు ఒక మాస్ట్ నుంచి ఇంకో మాస్ట్‌కు ముప్పై మీటర్లో అంతకంటే ఎక్కువో ప్రయాణించి ఎంత చేరిందో చూస్తారు కాబట్టి అద్దం మురికైతే తక్కువ వెలుగు చేరి, విజిబిలిటీ తక్కువగా కనిపిస్తుంది. ఫార్వర్డ్ స్కాటర్‌లో సరిగ్గా తిరగబడుతుంది. అద్దం మీద దుమ్ము పేరుకుంటే చెదిరిన వెలుగు రిసీవర్‌కు తక్కువగా చేరుతుంది, తక్కువ చెదిరింది కాబట్టి గాలి తేటగా ఉందనుకుని విజిబిలిటీ ఎక్కువ చూపిస్తుంది. పొగమంచులో ఎనిమిది వందలు ఉన్నచోట పన్నెండు వందలు అంటే ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. మంచి కంపెనీల సెన్సర్లలో ఆ మురికిని కొలిచి సరిదిద్దుకునే ఏర్పాటు ఉంటుంది, కానీ దానికీ ఒక హద్దు ఉంటుంది, ఆ హద్దు దాటాక వచ్చే వార్నింగ్‌ను ఎవరో ఎప్పుడో డిస్‌ప్లేలో ఆఫ్ చేసి ఉంటారు. మీ దగ్గర ఆఫ్‌లో ఉందో ఆన్‌లో ఉందో ఇవాళే చూడండి.

తుడిచేటప్పుడు ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పోగులు రాని గుడ్డ. డ్రైవర్ దగ్గర కారు తుడిచే పసుపు గుడ్డ కాదు. పురుగుల మందు స్ప్రే లెన్స్ మీద పడితే జిడ్డు పొర కడుతుంది కాబట్టి కొడితే మాస్ట్ కాళ్లకే కొట్టండి. గడ్డి కోసే మిషన్ వచ్చి వెళ్లిన రోజు తప్పకుండా ఒకసారి వెళ్లి చూడాలి, ఎగిరిన గడ్డి పరకలు హుడ్‌లో ఇరుక్కుంటాయి. మన దేశంలో చాలా ఎయిర్‌పోర్టుల్లో పరికరం వాతావరణ శాఖది, స్థలం, కరెంటు, గడ్డి కోత ఎయిర్‌పోర్టు నడిపేవాళ్లవి, కాబట్టి ఈ రోజు గడ్డి కోస్తున్నాం అని మీకు ఎవరూ చెప్పరు. ఫోన్ నంబర్ తీసుకుని మీరే అడగాలి. కేలిబ్రేషన్ ప్లేట్లు, అంటే సెన్సర్ సరిగ్గా చదువుతోందో లేదో సరిచూసే పలకలు, మీ సెన్సర్ మోడల్‌వే అయి ఉండాలి, వాటికీ గడువు తేదీ ఉంటుంది, గీతలు పడ్డ ప్లేట్‌తో చేసిన కేలిబ్రేషన్ చేయకపోవడం కంటే అన్యాయం.

ఇక గాలి. రెండు చివర్ల రీడింగులు కలవకపోవడం దానంతట అది తప్పు కాదు. రన్‌వే రెండు మూడు కిలోమీటర్ల పొడవుంటుంది, మే నెల సాయంత్రం ఉరుముల వానకు ముందు వచ్చే ఈదురుగాలి ఒక చివరకు చేరి ఇంకో చివరకు రాకముందు పూర్తిగా వేర్వేరు దిశలు చూపించడం సహజం. రెండు చోట్ల సెన్సర్లు పెట్టేదే అందుకు. ఇంకోటి, టవర్‌లో కంట్రోలర్ చూసేది రెండు నిమిషాల సగటు, మెటార్‌లో పోయేది పది నిమిషాల సగటు. ఆ రెండూ పక్కపక్కన పెట్టుకుని కలవడం లేదంటే మనం చేసేదేమీ లేదు. మెటార్‌లో దిశ అసలు ఉత్తరం నుంచి లెక్క, పైలట్‌కు టవర్ చెప్పేది దిక్సూచి ఉత్తరం నుంచి, కానీ మన తెలుగు ప్రాంతాల్లో ఆ తేడా ఒకటి రెండు డిగ్రీల లోపే కాబట్టి దాన్ని సాకుగా చెప్పడానికి లేదు.

ఒక నెల డేటా తీసుకుని, గాలి వేగం పది నాట్లు (ఒక నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు) దాటిన సమయాలు మాత్రమే ఏరండి, ఉరుముల వాన పడ్డ గంటలు తీసేయండి. రెండు సెన్సర్ల దిశల మధ్య తేడాను, గాలి వచ్చే దిశను బట్టి విడగొట్టి చూడండి. అన్ని దిశల్లోనూ ఒకే తేడా, ఉదాహరణకు పన్నెండు డిగ్రీలు ఉంటే ఒక సెన్సర్ ఉత్తరానికి సరిగ్గా నిలబెట్టలేదు. ఒకటి రెండు దిశల నుంచి గాలి వచ్చినప్పుడే తేడా ఉంటే అటు వైపు అడ్డం ఏదో ఉంది. గాలి మందంగా ఉన్నప్పుడు మాత్రమే ఒకటి సున్నా, ఇంకొకటి మూడు నాలుగు నాట్లు చూపిస్తే, గాలికి కప్పులు తిరిగే రకం సెన్సర్ అయితే బేరింగ్ అరిగిపోయింది. ఒక్క ఎక్సెల్ షీటుతో తేలిపోయే విషయం ఇది, దీనికి టెండర్ ఎందుకు?

అడ్డం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. గాలి సెన్సర్ పది మీటర్ల ఎత్తున ఉండాలి, చుట్టూ ఉన్న ఏ అడ్డం ఎత్తుకైనా కనీసం పది రెట్ల దూరంలో ఉండాలి అనేది అందరూ వాడే లెక్క. పెట్టిన రోజు ఆ లెక్క సరిపోయి ఉంటుంది. పన్నెండేళ్లలో ప్రహరీ పక్కన సుబాబుల్ చెట్లు పెరిగి ఉంటాయి, కార్గో షెడ్డు లేచి ఉంటుంది, బయట ఎవరో లాడ్జి కట్టి ఉంటారు. పాత సైట్ ఫొటోలుంటే అదే చోట నిలబడి నాలుగు దిక్కులా మళ్లీ తీసి పక్కన పెట్టుకోండి. నా అభిప్రాయంలో సైట్ ఫొటోలు ఏడాదికోసారి తీయడం కేలిబ్రేషన్ సర్టిఫికెట్ అంత ముఖ్యం, కానీ ఏ చెక్‌లిస్టులోనూ నేను చూడలేదు.

ఉత్తరం సెట్ చేయడానికి ఇనుప మాస్ట్ పక్కన నిలబడి దిక్సూచి పట్టుకుని చూసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ ఇనుము దిక్సూచిని లాగేస్తుంది. దూరంగా కనిపించే గుర్తు, వాటర్ ట్యాంకో సెల్ టవరో ఎంచుకుని, మాస్ట్ నుంచి అది ఉత్తరానికి ఎన్ని డిగ్రీల కోణంలో ఉందో జీపీఎస్ కోఆర్డినేట్లతో లెక్కేసి, సెన్సర్‌ను ఆ గుర్తుకు గురిపెట్టి సరిచేయండి.

కప్పుల రకం తీసేసి ధ్వని తరంగాలతో గాలిని కొలిచే అల్ట్రాసోనిక్ పెడదామా అనే ప్రశ్న మీ తర్వాతి మెసేజ్‌లో వస్తుందని తెలుసు, కాబట్టి ఇప్పుడే చెబుతున్నాను. పెట్టండి, తిరిగే భాగాలు లేవు కాబట్టి బేరింగుల గోల పోతుంది. కానీ దాని మీద పిట్టలు వాలతాయి. ఫీల్డ్‌లో అన్నింటికంటే ఎత్తైన చోటు అదే, ఏట్రింతకు, కాకికి, గద్దకు అంతకంటే మంచి స్థలం దొరకదు. పిట్ట రెక్క ధ్వని దారికి అడ్డం వస్తే లేని ఈదురుగాలి పుట్టుకొస్తుంది. అమెరికాలో ఆసోస్ అనే సిస్టమ్ తొమ్మిది వందల పైచిలుకు చోట్ల ఉంది, 1990ల్లో పెట్టింది, అక్కడ కప్పులు తీసి అల్ట్రాసోనిక్ పెట్టాక ఇదే తలనొప్పి వచ్చి పిట్టలు వాలకుండా ముళ్ల కమ్మీలు బిగించాల్సి వచ్చింది. మీరు కొనేటప్పుడే ఆ కమ్మీలు ఆర్డర్‌లో రాయండి. ఇంకోటి, కప్పులు ఈదురుగాలి వచ్చినప్పుడు తొందరగా వేగం అందుకుంటాయి, తగ్గినప్పుడు నెమ్మదిగా తగ్గుతాయి, అల్ట్రాసోనిక్‌కు ఆ బద్ధకం లేదు. కాబట్టి మార్చిన మరుసటి నెల గస్ట్ (ఒక్కసారిగా విసిరే గాలి) అంకెలు కొంచెం వేరుగా కనిపిస్తే కంగారుపడకండి, ఎందుకు మారాయో రాసిపెట్టండి.

పీడనం గురించి మీరు అడగలేదు. నన్నడిగితే మొత్తం ఏవాస్‌లో నేను ఎక్కువ భయపడేది దానికే, ఎందుకంటే అది ఎప్పుడూ పాడవదు, ఎప్పుడూ మంచి అంకెలాగే కనిపిస్తుంది. పైలట్ ఆల్టీమీటర్‌లో పెట్టుకునే క్యూఎన్‌హెచ్ దాని నుంచే వస్తుంది, ఒక హెక్టోపాస్కల్ తేడా అంటే నేల దగ్గర 27, 28 అడుగులు. నిజమైన విలువ కంటే ఎక్కువ చెబితే విమానం తాననుకున్న దాని కంటే కింద ఉంటుంది. క్యూఎన్‌హెచ్‌ను ఎప్పుడూ కింది పూర్ణాంకానికే దించి చెప్పడం అందుకే. ఇప్పుడు అప్‌గ్రేడ్‌లో జరిగేది చూడండి. పాత బారోమీటర్ టవర్ బిల్డింగ్ పై అంతస్తులో ఉండేది, కొత్తది ఫీల్డ్‌లో మాస్ట్ దగ్గర డబ్బాలో వస్తుంది. పదహారు మీటర్లు కిందికి దిగింది. సాఫ్ట్‌వేర్‌లో సెన్సర్ ఎత్తు అనే గడి పాతదే కాపీ అయిపోతే క్యూఎన్‌హెచ్ దాదాపు రెండు హెక్టోపాస్కల్స్ ఎక్కువ వస్తుంది, అంటే యాభై అడుగుల పైన తేడా, అదీ ప్రమాదం వైపు. బారోమీటర్‌లో ఏ లోపమూ లేదు, సర్టిఫికెట్ తాజాగా ఉంది. అచ్చం ఇలాంటిది ఒక చోట నేను చూశాను. పార్కింగ్‌లో ఉన్న విమానంలో క్యూఎన్‌హెచ్ పెట్టినా ఆల్టీమీటర్ ఆ చోటు ఎత్తు చూపించడం లేదని ఒక కెప్టెన్ పట్టుబట్టాకే అది బయటపడింది.

దీన్ని పట్టుకోవడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. మీ క్యూఎన్‌హెచ్‌కూ పొరుగు విమానాశ్రయం క్యూఎన్‌హెచ్‌కూ తేడాను ఒకే గంటకు రోజూ రాసి గ్రాఫ్ గీయండి. గన్నవరంలో ఉంటే రాజమండ్రితో, కడపలో ఉంటే రేణిగుంటతో. వాతావరణాన్ని బట్టి అది అటూ ఇటూ ఊగుతుంది కానీ ఒక రోజు నుంచి మెట్టు దిగినట్టు మారిపోయి అక్కడే ఉండిపోతే, ఆ రోజు ఎవరో ఏదో మార్చారు. బారోమీటర్‌ను ఏసీ గదిలో, తలుపు వేసి తీసే చోట పెట్టొద్దు, గాలి తాకిడికి లెక్క తప్పకుండా స్టాటిక్ పోర్ట్ (పీడనం లోపలికి తీసుకునే గొట్టం మూతి) బయటికి తీయాలి. ఏడాదికోసారి ట్రావెలింగ్ స్టాండర్డ్‌తో, అంటే పోల్చి చూడటానికి ఊరూరా తీసుకెళ్లే ప్రామాణిక బారోమీటర్‌తో, పోల్చాలి.

ఉష్ణోగ్రత, తేమ విషయంలో పెద్దగా చెప్పేది లేదు. తేమ సెన్సర్ మీది ఫిల్టర్ టోపీ మూసుకుపోతే డ్యూ పాయింట్ ఆలస్యంగా కదులుతుంది, సముద్రం పక్కన ఉప్పు వల్ల ఇంకా త్వరగా మూసుకుపోతుంది. చలికాలం మంచు పట్టే గన్నవరం లాంటి చోట్ల రాత్రి ఫోర్‌కాస్టర్ చూసేది ఆ అంకెనే కాబట్టి సీజన్‌కు ముందు, అంటే అక్టోబరులో, ఫ్యాన్ ఉన్న సైక్రోమీటర్‌తో (పొడి, తడి థర్మామీటర్ల జతతో) పోల్చి చూసి తేడా ఉంటే మార్చేయండి. అది రిపేర్ చేసుకునే వస్తువు కాదు.

మబ్బుల ఎత్తు కొలిచే సీలోమీటర్‌తో మన వైపు ఒక తమాషా ఉంది. కంపెనీ మాన్యువల్‌లో చివర ఎక్కడో టిల్ట్, అంటే దాన్ని వంచి పెట్టడం, గురించి ఒక పేరా ఉంటుంది, చల్లని దేశాల వాళ్లకు అది అక్కర్లేదు. మనకు మాత్రం సూర్యుడు ఏడాదికి రెండుసార్లు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, హైదరాబాద్‌లో అయితే మే రెండో వారంలో, మళ్లీ ఆగస్టు మొదటి వారంలో. నిట్టనిలువుగా పెట్టిన సీలోమీటర్ ఆ రోజుల్లో మధ్యాహ్నం నేరుగా సూర్యుడిని చూస్తుంది, దాని కంట్లో పడే వెలుగుకు రీడింగు గాలికి పోవడమే కాదు, రిసీవర్ కూడా దెబ్బతినవచ్చు. ఏడాదిలో ఏ రోజూ సూర్యుడు దాని కంటికి నేరుగా ఎదురుపడనంతగా ఉత్తరానికి వంచి, ఆ వంపు సాఫ్ట్‌వేర్‌లోనూ చెప్పండి.

ఇక నేల, పిడుగు. మీది నల్లరేగడి నేల అయితే వానాకాలం ఉబ్బి ఎండాకాలం పగుళ్లిచ్చే ఆ మట్టిలో లోతు తక్కువ పునాది మీద నిలబెట్టిన మాస్ట్ నిలబడినట్టే ఉండి కొద్ది కొద్దిగా ఒరుగుతుంది. గాలి సెన్సర్‌కు అది పెద్ద లెక్క కాదు, ట్రాన్స్‌మిసోమీటర్‌కు మాత్రం ప్రాణం పోయినంత పని. ముప్పై మీటర్ల అవతల ఉన్న కంటికి వెలుగు గురి తప్పిపోతుంది, ప్రతి జూన్, జులైలో అలైన్‌మెంట్ ఎర్రర్ వస్తుంది, ఇంజినీర్ వచ్చి సరిచేస్తాడు, మళ్లీ మార్చిలో వస్తుంది. పరికరం నాసిరకం అని తిడతారు కానీ పునాది తవ్వి చూడరు. బెంగళూరు ఎన్‌ఏఎల్ (నేషనల్ ఏరోస్పేస్ ల్యాబొరేటరీస్) తయారుచేసిన 'దృష్టి' అనే ట్రాన్స్‌మిసోమీటర్ కావచ్చు, విదేశీది కావచ్చు, ఏదైనా మట్టి ముందు ఒకటే. మీరు రేపు ఆర్‌వీఆర్ (రన్‌వే మీద పైలట్‌కు ఎంత దూరం కనిపిస్తుందన్న లెక్క) కొలిచే పరికరాలు పెంచుకుందాం, కేటగిరీ (ఎంత తక్కువ విజిబిలిటీలో విమానాలు దిగవచ్చన్న స్థాయి) పెంచుకుందాం అనుకుంటే సివిల్ పని ఎస్టిమేట్ పరికరం ఎస్టిమేట్‌తో పాటే వెయ్యండి.

పిడుగుల వల్ల పోయే సర్క్యూట్ కార్డులు మీ రిజిస్టర్‌లో లెక్కపెట్టండి. ఏప్రిల్, మే నెలల్లో ఎక్కువ ఉంటే ఎర్తింగ్ చూడండి. చాలా చోట్ల ఎర్త్ రెసిస్టెన్స్ వానాకాలంలో కొలుస్తారు, నేల తడిగా ఉంటుంది, రీడింగు అందంగా వస్తుంది. కొలవాల్సింది మార్చి చివర, నేల ఎండి బీటలు తీసినప్పుడు. ఫీల్డ్ నుంచి బిల్డింగ్ దాకా ఇంకా రాగి కేబుల్ ఉంటే మీరు అప్‌గ్రేడ్‌లో మొట్టమొదట మార్చాల్సింది అదే, ఫైబర్ వేసేయండి. పిడుగు దారి అక్కడితో తెగుతుంది, కానీ పందికొక్కులు కొరకని, లోహం లేని కవచమున్న కేబుల్ తీసుకోవాలి. కోస్తాలో ఉంటే తుఫాను గురించి వేరే ఆలోచించాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖ విమానాశ్రయం టెర్మినల్ దెబ్బతిని విమానాలే కొన్ని రోజులు ఆగిపోయాయి. అలాంటప్పుడు మళ్లీ తెరిచే మొదటి గంటకు కావాల్సింది గాలి, క్యూఎన్‌హెచ్. బ్యాటరీతో నడిచే చేతి అనిమోమీటర్ ఒకటి, కేలిబ్రేషన్ ఉన్న డిజిటల్ బారోమీటర్ ఒకటి బీరువాలో ఉంచండి. విండ్‌సాక్ (గాలి దిశ చూపే గుడ్డ గొట్టం) గుడ్డ చినిగిపోతే మార్చడం మరిచిపోకండి, అల్ట్రాసోనిక్ చెప్పేది నిజమో కాదో కిటికీలోంచి చూడటానికి అంతకంటే మంచి సాధనం లేదు.

సరే, అసలు ప్రశ్నకు వస్తున్నాను, మొత్తమా ముక్కలా. నా ఓటు ముక్కలకే, కానీ వరుస ఉండాలి. ఆసోస్ మూడు దశాబ్దాలు దాటి నడుస్తోందంటే కారణం అదే, గాలి సెన్సర్ ఒక దశాబ్దంలో మారింది, సీలోమీటర్ ఇంకోసారి మారింది, ఒకేసారి అంతా పీకలేదు. మీ దగ్గర కరెంటు, ఎర్తింగ్, కేబుల్ ముందు. తర్వాత మధ్యలో ఉన్న కంప్యూటర్. అది విండోస్ ఎక్స్‌పీ మీద నడుస్తుంటే దానికి 2014 ఏప్రిల్‌లోనే సపోర్ట్ ఆగింది, విండోస్ 7 అయితే 2020 జనవరిలో, విండోస్ 10 అయితే 2025 అక్టోబరులో. ఎయిర్‌పోర్టు ఆఫీసు నెట్‌వర్క్‌కు కలిపి ఉంటే ఆ వైరు ఇప్పుడే లాగేయండి. టైము ఎక్కడి నుంచి వస్తోందో కూడా చూడండి. 2019 ఏప్రిల్‌లో జీపీఎస్ వారాల లెక్క మళ్లీ సున్నాకు తిరిగినప్పుడు పాత రిసీవర్లు కొన్ని ఇరవై ఏళ్ల వెనకటి తేదీ చూపించాయి, అప్పుడు ఎవరో చేత్తో టైము పెట్టి వదిలేసిన సిస్టమ్‌లు ఇంకా ఉండే ఉంటాయి. కొత్త సాఫ్ట్‌వేర్ పాత మెటార్ కోడ్‌తో పాటు ఐడబ్ల్యూఎక్స్ఎక్స్ఎమ్, అంటే కంప్యూటర్లు నేరుగా చదువుకునే ఎక్స్‌ఎమ్‌ఎల్, రూపంలోనూ ఇవ్వాలి, 2020 నవంబరు నుంచి అంతర్జాతీయ మార్పిడికి అదే ప్రమాణం.

సెన్సర్లలో విడిభాగాలు దొరకనిది ముందు, బాగున్నది చివర. పీడనం, ఉష్ణోగ్రత సెన్సర్లు కేలిబ్రేషన్‌లో నిలబడుతున్నంత కాలం పన్నెండేళ్లైనా పద్నాలుగేళ్లైనా మార్చక్కర్లేదు. మొత్తం ఒకేసారి మార్చాల్సిన పరిస్థితి ఒక్కటే, మీ పాత కంపెనీ ప్రోటోకాల్‌ను (సెన్సర్లు కంప్యూటర్‌కు డేటా పంపే పద్ధతిని) మూసిపెట్టి ఉంచి వేరే కంపెనీ సెన్సర్ ఏదీ తగిలించనివ్వకపోతే. మీ కేసు అదే అయితే పైవాళ్ల మాటే కరెక్ట్.

రన్‌వే లైట్లు ఎల్‌ఈడీకి మారుస్తున్నారా అని ఎలక్ట్రికల్ వాళ్లను తప్పకుండా అడగండి. ఆర్‌వీఆర్ అంటే గాలి ఎంత తేటగా ఉందన్నది ఒక్కటే కాదు, రన్‌వే లైటు ఎంత ప్రకాశంతో వెలుగుతోంది, చుట్టూ ఎంత వెలుతురుంది అన్నవీ కలిపి చేసే లెక్క. హాలోజన్ దీపాలకు వెలుగు పెంచే తగ్గించే ఏ స్టెప్‌లో ఎంత ప్రకాశమో పాత పట్టిక సిస్టమ్‌లో ఉంటుంది, ఎల్‌ఈడీకి అది వేరు. లైట్లు మారి పట్టిక మారకపోతే రాత్రి పూట ఆర్‌వీఆర్ తప్పు వస్తుంది, అలారం ఏదీ రాదు. కేటగిరీ ఒకటిలో దిగడానికి కనీసం 550 మీటర్లు కావాలి, ఆ అంచు దగ్గర యాభై మీటర్ల తేడా అంటే విమానం దిగడమా, వెనక్కు పోవడమా అన్న తేడా.

పాతదీ కొత్తదీ పక్కపక్కన నడపడం గురించి మీ పైవాళ్లతో గొడవ పడాల్సి వస్తుంది, పడండి. కాంట్రాక్టర్ వారం రోజులు చూపించి సంతకం పెట్టించుకుని పోతానంటాడు. వారంలో ఒక్క పొగమంచు, ఒక్క ఉరుముల వాన రాకపోతే ఏం పోల్చినట్టు? కనీసం ఒక వానాకాలం, ఒక చలికాలం రెండూ కలిపి నడవాలి, అధికారిక రీడింగు పాతదాని నుంచే పోవాలి, కొత్తది పక్కన రికార్డు అవ్వాలి. కుదరదంటే గాలి, విజిబిలిటీ రెండింటికైనా ఇది చేయండి.

టెండర్‌లో ఎల్1కే, అంటే అందరికంటే తక్కువ ధర చెప్పినవాళ్లకే, వెళ్లక తప్పదు కాబట్టి షరతుల్లోనే బిగించాలి. ప్రతి సెన్సర్ రా మెసేజ్ ఫార్మాట్ డాక్యుమెంట్ ఇవ్వాలి, ఒక నిమిషం డేటా మన దగ్గరే ఉండాలి, కేలిబ్రేషన్ ప్లేట్లూ కిట్లూ సరఫరాలో భాగం కావాలి, విడిభాగాలు పదేళ్లు ఇస్తామని రాసివ్వాలి, ట్రైనింగ్ మెట్ ఆఫీసర్లకే కాదు, మాస్ట్ ఎక్కే టెక్నీషియన్‌కూ ఇవ్వాలి. అడ్మిన్ పాస్‌వర్డ్‌లు సీల్డ్ కవర్‌లో మీ ఆఫీసులో ఉండాలి, కంపెనీ ఇంజినీర్ ఫోన్‌లో కాదు. సైట్ టెస్ట్ రోజున అన్నీ బాగున్నాయని చూపించడం చాలదు, ఒక్కో కేబుల్ పీకి, లెన్స్‌కు అట్ట అడ్డం పెట్టి, కరెంటు ఆపి, అప్పుడు టవర్ డిస్‌ప్లే ఏం చూపిస్తుందో చూడాలి. పాత అంకె అలాగే నిలబడి ఉంటే సంతకం పెట్టకండి. సెన్సర్ ఎత్తులు, ఉత్తరం కరెక్షన్, లైట్ పట్టిక, సీలోమీటర్ వంపు ఉన్న కాన్ఫిగరేషన్ ఫైల్‌ను ఆ రోజే ప్రింట్ తీసి, మీరూ మెట్ ఆఫీసరూ కాంట్రాక్టరూ ముగ్గురూ ప్రతి పేజీ మీద సంతకం చేసి లాగ్‌బుక్‌లో అంటించండి, తర్వాత ఎవరు ఏ గడి మార్చినా దాని కిందే తేదీ వేసి రాయాలి.